పైనున్నవాళ్ల పేర్లు, కిందున్నవాళ్ల పేర్లు

యుద్ధకాలంలో జపాన్ నౌకాదళపు విమాన దళాలు గాల్లోకి లేచిన ప్రతిసారీ ఒక పట్టిక నింపేవి. ఏ విమానంలో ఎవరెవరు కూర్చున్నారు, నడిపిందెవరు, దారి చూసిందెవరు, వైర్‌లెస్ దగ్గర ఉన్నదెవరు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఓడ మీంచి లేచారు, ఎన్ని బాంబులు విడిచారు, ఎన్ని తూటాలు ఖర్చుపెట్టారు, ఎప్పుడు తిరిగొచ్చారు, రానివాళ్లెవరు... అన్నీ గళ్ల కాగితం మీద రాసి దాచేవారు. ఓడిపోయిన రోజుల్లో జపాన్ సైనిక కార్యాలయాల్లో కాగితాలు గుట్టలుగా తగలబడ్డాయి. అయినా ఈ పట్టికలు చాలావరకు మిగిలాయి. టోక్యోలోని రక్షణ పరిశోధనా సంస్థ వాటిని భద్రంగా దాచింది. జపాన్ జాతీయ పత్రాగారం వాళ్లు చారిత్రక పత్రాల కోసం పెట్టిన కేంద్రం ఇలాంటి కాగితాలను ఇంటర్నెట్‌లో అందరి ముందూ పరిచింది. ర్యూజో అనే విమాన వాహక నౌక తాలూకు పట్టికలు కూడా అలా మిగిలినవాటిలో ఉన్నాయి.

ఆ ఓడ విమానాలతో మనకు పని ఉంది. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసింది ఆ దళమే. ఆ సంగతి మన పుస్తకాల్లో ఎప్పుడూ ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. జపాను వాడు వచ్చాడు, బాంబులేశాడు, ఊరు ఖాళీ అయింది. వచ్చినవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారో, ఆ తరవాత ఏమయ్యారో అడిగినవాళ్లు తక్కువ. వాళ్ల కథ కొంచెం చెప్పుకోవాలి. అది తెలిస్తే గానీ మన కథలో ఏం తగ్గిందో కనిపించదు.

ర్యూజో ఒక ఒప్పందంలోని సందు వెతుక్కుని పుట్టిన ఓడ. 1922 వాషింగ్టన్ ఒప్పందం ఏ దేశానికి ఎన్ని టన్నుల విమాన వాహక నౌకలు ఉండొచ్చో కట్టడి చేసింది గానీ, పది వేల టన్నుల లోపు ఓడలను లెక్కలో వేయలేదు. ఆ లోపే ఒక ఓడ కట్టుకుందామని జపాన్ 1929లో యొకహామాలో పని మొదలుపెట్టింది. 1930లో లండన్ ఒప్పందం ఆ సందునూ మూసేసింది. ఇక చిన్న ఓడ వల్ల లాభం లేదు కనక, విమానాలు దాచే అంతస్తు మీద ఇంకో అంతస్తు లేపారు. 1933లో నౌకాదళంలో చేరేనాటికి ఓడ పైబరువుతో ఊగిసలాడుతోంది. మరుసటి ఏడాది అలాంటి పైబరువుతోనే తొమొజురు అనే చిన్న యుద్ధనౌక తుపానులో తిరగబడేసరికి ర్యూజోను వెనక్కి పిలిచి మరమ్మతు చేశారు. 1935లో పెనుతుపానులో మళ్లీ దెబ్బతింటే మళ్లీ మార్చారు. విమానాలు దిగే తలం పొట్టి, ఇరుకు. ఓడ నడిపే గది ఆ తలం ముందుకొస కింద అణిగి ఉండేది. పెద్ద ఓడల పక్కన దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు.

అందుకే కాబోలు, 1941 డిసెంబరులో ఆరు పెద్ద ఓడలూ కలిసి పెర్ల్ హార్బర్ వైపు వెళ్తే, ర్యూజోకు ఒంటరి పని అప్పజెప్పారు. డిసెంబరు 8 తెల్లవారుజామున దాని విమానాలు ఫిలిప్పీన్స్‌లోని దవావో మీద పడ్డాయి. అప్పటికింకా వాళ్ల యుద్ధ విమానాలు పాత రకానివి, చక్రాలు లోపలికి ముడుచుకోనివి. అక్కణ్నుంచి మలయా, సుమత్రా, జావా. సింగపూర్ పడిపోయాక పారిపోతున్న ఓడలను బాంకా జలసంధి చుట్టుపక్కల వేటాడారు. ఫిబ్రవరి 17న వాన్ నెస్ అనే డచ్చి డిస్ట్రాయర్‌ను ముంచారు. మార్చి 1న పోప్ అనే అమెరికన్ డిస్ట్రాయర్ కదల్లేకుండా పోవడం కూడా వాళ్ల పుణ్యమే. నాలుగు నెలల్లో ఆ దళం చూసిందంతా గెలుపే. బంగాళాఖాతంలోకి అడుగుపెట్టేనాటికి ఆ కుర్రవాళ్లకు ఓటమి ముఖం తెలీదు.

మార్చి 8న రంగూను పడిపోయింది. 23న అండమాన్లు జపాన్ చేతికి వెళ్లాయి. ఏప్రిల్ 1న అడ్మిరల్ ఒజావా జిసబురో బర్మా దక్షిణాన ఉన్న మెర్గుయి రేవు నుంచి ర్యూజోనూ కొన్ని క్రూయిజర్లనూ వెంటబెట్టుకుని బయల్దేరాడు. పెద్ద ఓడలతో ఇంకో అడ్మిరల్ నగుమో సింహళం మీదికి వెళ్లాడు. ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారం నాడు కొలంబో మీద బాంబులు పడ్డాయి. కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్లు మునిగాయి. ఒజావాకు అప్పజెప్పింది వేరే పని: కలకత్తాకూ మద్రాసుకూ మధ్య తిరిగే సరుకు ఓడలను లేకుండా చెయ్యడం. కలకత్తా రేవులో గుమిగూడి ఉంటే ఒక్క దాడితో అన్నీ పోతాయని భయపడి బ్రిటిష్ వాళ్లు ఓడలను సముద్రంలోకి పంపేశారు. వెంట కాపలా నౌకల్లేవు, పైన విమానాల్లేవు. ఒడిశా నుంచి మన ఉత్తరాంధ్ర దాకా తీరం పొడుగునా అవి ఒక్కొక్కటే దక్షిణానికి వస్తూ జపాన్ క్రూయిజర్లకు దొరికాయి. కొద్ది రోజుల్లోనే ఇరవై దాకా మునిగిపోయాయి.

వాటిలో డార్డనస్, గాండారా అనే రెండు ఓడలను ఇక్కడ తలుచుకోవాలి. డార్డనస్ బాంబు దెబ్బలు తిని కదల్లేక నిలిచిపోయింది. గాండారా తన దారిన తాను పోయి ఉండొచ్చు. పోలేదు. మోకు కట్టి దాన్ని లాక్కుంటూ రేవు వైపు బయల్దేరింది. నడక నెమ్మదించింది. ఏప్రిల్ 6న క్రూయిజర్లు వచ్చి రెండింటినీ కలిపి ముంచేశాయి.

అదే రోజు విశాఖ. రేవు తెరిచి తొమ్మిదేళ్లు కూడా కాలేదు. మధ్య పరగణాల మాంగనీసును ఎగుమతి చెయ్యడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే లైనూ, ఈ రేవూ జంటగా వచ్చాయి. సింధియా వారి ఓడల కార్ఖానాకు బాబూ రాజేంద్రప్రసాద్ 1941 జూన్‌లో పునాది రాయి వేశారు. ఊరికి రక్షణగా ఉన్నది భారత వైమానిక దళపు స్వచ్ఛంద తీర రక్షణ దళం. వాళ్ల దగ్గరున్నవి వాపిటీలు, రెండంతస్తుల రెక్కల పాత విమానాలు. సముద్రం మీదికి వెళ్లి చూసి రావడానికి పనికొస్తాయి గానీ ఎదురు నిలవడానికి కాదు. ఆ కుర్రవాళ్లు ఆ విమానాల్లోనే శత్రువు కోసం వెతుకుతూ సముద్రం మీదికి వెళ్లారు. వాళ్లను గుర్తుచేసుకోవడం కూడా మనం దాదాపు మానేశాం.

ర్యూజో నుంచి వచ్చినవి కొద్ది విమానాలే. ఒక్కోదాంట్లో ముగ్గురు మనుషులు. రేవు ప్రాంతంలో బాంబులు పడ్డాయి. కాకినాడ దగ్గరా పడ్డాయి. కొలంబోతో, రంగూనుతో పోల్చుకుంటే నష్టం స్వల్పం. దళం పట్టికలో అది మామూలు రోజు. దాడి చేశారు, తిరిగొచ్చారు, ఇంకో ఓడ కోసం వెతికారు.

కింద మాత్రం మామూలు రోజు కాలేదు. ఆ సమయానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపగా వచ్చిన స్టాఫర్డ్ క్రిప్స్ ఢిల్లీలో కాంగ్రెస్ నాయకులతో మంతనాలు జరుపుతున్నాడు. రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర మాట తెగడం లేదు. దేశాన్ని ఎవరు కాపాడాలో ఢిల్లీలో తేలకముందే, ఎవరూ కాపాడలేరని విశాఖలో తేలిపోయింది. జనం రైళ్లెక్కారు, బళ్లు కట్టారు, పిల్లల్ని చంకనేసుకుని నడిచారు. ఊళ్లలో చుట్టాలున్నవాళ్లు చుట్టాల ఇళ్లకు, లేనివాళ్లు తెలిసినవాళ్ల ఇళ్లకు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుంచి గుంటూరుకు తరలించారు. కొద్ది రోజుల్లో మద్రాసు కూడా ఖాళీ అవడం మొదలై, ప్రభుత్వ కార్యాలయాలు లోపలి జిల్లాలకు కదిలాయి. తుపాను అలవాటైన తీరం మనది. తుపాను పోయాక ఎక్కడికి తిరిగి రావాలో జనానికి తెలుసు. ఆకాశం నుంచి ఏ రోజు ఏం పడుతుందో చెప్పలేని భయం వాళ్లకు కొత్త.

అందరికీ కొత్త కూడా కాదు. ఇక్కడ రంగూను సంగతి చెప్పకుండా ఉండలేం. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి తరాల పాటు వెళ్లిన తెలుగు కూలీలు రంగూను రేవుకు రెక్కలూ వీపులూ అయ్యారు. ఓడల్లోంచి బియ్యం బస్తాలు దింపిందీ ఎక్కించిందీ ఎక్కువగా వాళ్లే. 1941 డిసెంబరు 23న రంగూను మీద తొలి బాంబులు పడ్డప్పుడు పట్టపగలు వీధుల్లో, రేవులో నిలబడి ఆకాశం వైపు చూస్తూ చచ్చిపోయినవాళ్లలో భారతీయులు ఎందరో. మిగిలినవాళ్లలో టికెట్టు దొరికినవాళ్లు ఓడెక్కారు. దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా నడిచారు. ఆకలీ, కలరా, మలేరియా దారి పొడవునా మనుషుల్ని తీసుకున్నాయి. అవన్నీ దాటి బతికి బట్టకట్టి సొంతూరు చేరినవాళ్లకు, గుక్క తిప్పుకునే లోపే అవే మోతలు విశాఖలో వినిపించాయి. ఆ యుద్ధం గురించి తెలుగులో రాయాల్సిన పెద్ద పుస్తకం ఏదైనా ఉంటే అది ఈ మనుషుల గురించే అయి ఉండాలి.

ఇక అసలు మాట. ఏప్రిల్ 6న విశాఖలో ఎందరు చనిపోయారో పుస్తకానికో సంఖ్య కనిపిస్తుంది. పేర్లు అంతకన్నా అరుదు. యుద్ధకాలపు సెన్సారు నీడలో వచ్చిన ప్రకటనలు నష్టం స్వల్పమని చెప్పి ఊరుకున్నాయి. దాడి చేసినవాళ్లు తమ వంతు రాసి పెట్టుకున్నారు. ఓడినా, ఓడ మునిగినా, వాళ్ల కాగితం మిగిలింది. పైనుంచి బాంబు విడిచిన చేతి పేరు ఎనభై ఏళ్ల తరవాత కూడా దొరికే వీలుంది. ఆ బాంబు కింద పోయిన మనిషి పేరు సొంత ఊళ్లోనే చెదిరిపోయింది. ఈ తేడా ఏ కుట్రా చేసింది కాదు. రాసుకునే అలవాటు ఉండటం, లేకపోవడం చేసింది. అందుకే ఇంకా సరిదిద్దుకోవచ్చు.

మునిగిన ఓడల్లో పనిచేసినవాళ్ల విషయంలో కొంతైనా మేలు జరిగింది. బ్రిటిష్ సరుకు ఓడల్లో బొగ్గు ఎగదోసిందీ, తలం కడిగిందీ, వంట వండిందీ చాలావరకు మన ఉపఖండపు లస్కర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలోనే పోయి సమాధి లేకుండా మిగిలిన అవిభక్త భారత నావికులు ఆరు వేలకు పైగా ఉన్నారు. వాళ్ల పేర్లు రాసిన ఒకే రకం పుస్తకాలు రెండు తయారుచేసి, ఒకటి ముంబైలో, ఒకటి చిట్టగాంగ్‌లో ఉంచారు. ఎవరైనా వెళ్లి పుట తిప్పి తాత పేరు వెతుక్కోవచ్చు. సామ్రాజ్యం తన కూలీలకు చేసిన మర్యాద చాలా తక్కువే. కానీ పుస్తకం ఉంది.

ర్యూజో దళానికి తరవాత ఏమైంది? బంగాళాఖాతం నుంచి జపాన్ చేరాక దానికి జీరో అనే కొత్త రకం యుద్ధ విమానాలతో ఉత్తర పసిఫిక్‌లో పని పడింది. జూన్ 3, 4 తేదీల్లో అలూషన్ దీవుల్లోని డచ్ హార్బర్ మీద దాడి. రెండో రోజు కోగా తదయోషి అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడి విమానానికి తూటా తగిలి నూనె గొట్టం తెగింది. దెబ్బతిన్న విమానాలు దిగడానికి అకుటాన్ అనే నిర్జన దీవిని ముందే అనుకున్నారు. పైనుంచి పచ్చటి మైదానంలా కనిపించినచోట కోగా చక్రాలు దించి దిగబోయాడు. గడ్డి కింద బురద. చక్రాలు దిగబడి విమానం తలకిందులైంది. అతను అక్కడే చనిపోయాడు.

వెంట వచ్చిన ఇద్దరు పైన చక్కర్లు కొట్టారు. శత్రువు చేతికి జీరో చిక్కకూడదని, అలా పడిపోయినదాన్ని కాల్చి తగలబెట్టాలని వాళ్లకు ఆజ్ఞ ఉంది. లోపల కోగా బతికి ఉన్నాడేమోనన్న అనుమానంతో వాళ్ల చేతులు ఆడలేదు. కాల్చకుండా వెనుదిరిగారు. జూలైలో ఒక అమెరికన్ గస్తీ విమానం కంటికి ఆ జీరో పడింది. శాన్‌డియేగోకు తీసుకెళ్లి బాగుచేసి, సెప్టెంబరులో ఎగరేసి చూశారు. వేగం పెరిగితే రెక్కలు వాల్చి తిరగడం దానికి కష్టమవుతుందని, ఎడమకన్నా కుడివైపు తిరగడం ఇంకా కష్టమని, ముక్కు ఒక్కసారి కిందికి తోస్తే ఇంజను తడబడుతుందని తెలుసుకున్నారు. ఆ పాఠం పసిఫిక్‌లోని ప్రతి అమెరికన్ పైలట్‌కూ చేరింది. ఆ ఇద్దరి జాలికి జపాన్ ఎంత మూల్యం చెల్లించిందో యుద్ధ చరిత్రకారులు ఇప్పటికీ లెక్కలు వేస్తూనే ఉన్నారు.

ఆ ఇద్దర్నీ తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ పని చెయ్యలేకపోయినందుకు వాళ్ల మీద గౌరవమే కలుగుతుంది. అయితే అది చదువుతున్నప్పుడు మనవైపు నుంచి ఒక ప్రశ్న లేస్తుంది. ఆ దళానికే రెండు నెలల కింద విశాఖ రేవు మీద బాంబు విడవడానికి చేతులు ఆడాయి. కింద ఉన్నది ఎవరో తెలీదు కనక. అకుటాన్‌లో కింద ఉన్నవాడి పేరు తెలుసు, ఊరు తెలుసు, నవ్వు తెలుసు. జపాన్ వాళ్లనే అనడానికీ లేదు. మూడేళ్ల తరవాత టోక్యో మీద, హిరోషిమా మీద ఎగిరిన అమెరికన్ కుర్రవాళ్లకూ కింద ఎవరున్నారో తెలీదు.

ర్యూజో ఆఖరి రోజు 1942 ఆగస్టు 24. సాలమన్ దీవుల తూర్పున మధ్యాహ్నం అది తన విమానాలను గ్వాడల్‌కెనాల్ మీదికి పంపింది. అవి వెళ్లాక సారటోగా అనే అమెరికన్ నౌక విమానాలు ర్యూజోను పట్టుకున్నాయి. బాంబులు, ఒక టార్పెడో. ఓడ ఒక పక్కకు ఒరిగి నిలిచిపోయింది. దాడి ముగించుకుని తిరిగొచ్చిన విమానాలకు దిగడానికి చోటు లేదు. పెట్రోలు ఉన్నంతసేపు పైన తిరిగి, అయిపోవస్తుంటే పక్కనున్న డిస్ట్రాయర్ల దగ్గర నీళ్లలో దిగారు. నావికులు వాళ్లను తాళ్లేసి పైకి లాగారు. సాయంత్రానికి ఓడ మునిగింది. నూట ఇరవై మంది దాకా పోయారు. మన తీరం మీదికి వచ్చి అయిదు నెలలు కూడా నిండలేదు.

జపాన్ తన యుద్ధ చరిత్రను 102 సంపుటాలుగా అచ్చువేసుకుంది. బంగాళాఖాతంలో నౌకాదళం చేసిన పనికి అందులో ఒక సంపుటంలో చోటుంది, దాని ఇంగ్లీషు అనువాదం 2018లో నెదర్లాండ్స్‌లో వెలువడింది. విశాఖ విశ్వవిద్యాలయాల్లో చరిత్ర చదివే పిల్లలకు ఇది మంచి వస్తువు. ఒక పక్క ఆ సంపుటం, ర్యూజో పట్టికలు, బ్రిటిష్ దస్త్రాలు. ఇంకో పక్క మునిసిపాలిటీ జనన మరణాల రిజిస్టర్లు, ఆసుపత్రి చిట్టాలు, రేవు కార్యాలయపు పాత కాగితాలు, శ్మశానాల లెక్కలు. రెండింటినీ కలిపి చూస్తే ఆ సోమవారం నాడు పోయినవాళ్లలో కొందరికైనా పేరు, వయసు, వీధి దొరుకుతాయి. కాకినాడలోనూ ఈ పని జరగాలి. బీచి రోడ్డులో పాత డచ్చి బంగళాలోని విశాఖ మ్యూజియంలో ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి పెట్టారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. అది ఏ ఓడ నుంచి వచ్చిందో, ఆ ఓడకు ఏమైందో, ఆ రోజు ఊళ్లో పోయినవాళ్లు ఎవరో ఒక పలక మీద తెలుగులో రాసి పక్కన పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

రిజిస్టర్లు ఇంకొన్నాళ్లు ఆగుతాయి, మనుషులు ఆగరు. ఆనాడు పదేళ్ల పిల్లలుగా అమ్మ చెయ్యి పట్టుకుని ఊరు దాటినవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. భీమిలి వైపు, విజయనగరం వైపు, అనకాపల్లి వైపు పల్లెల్లో వాళ్లు అక్కడక్కడా ఉన్నారు. ఎవరింట్లో తలదాచుకున్నారో, పక్కింటివాళ్లలో ఎవరు తిరిగి రాలేదో చెప్పగలిగినవాళ్లు వాళ్లే. ఈ వేసవి సెలవుల్లో కొందరు విద్యార్థులు ఒక ఫోనూ, ఒక నోటుపుస్తకమూ పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లాలి.